నీలం డబ్బా తూటాలు

3వ తేదీ, మంగళవారం

ఇవాళ నా కొడుకు నన్ను నా కొట్లోంచే బయటికి పంపించాడు. నేను తెరిచిన కొట్టు, నేను చేయించిన బల్ల. "నాన్నా, పైకెళ్ళి కాసేపు పడుకో" అన్నాడు, కొనడానికొచ్చినవాళ్ళ ముందు, పసిపిల్లాడికి చెప్పినట్టు. నాకు నిద్ర రావట్లేదురా అంటే "రాకపోయినా పడుకో" అన్నాడు.

నేను చేసిన నేరం ఏమిటంటే, ఒక రైతు పందుల కోసం తూటాలు కావాలని వచ్చాడు. కొత్తగా దించిన నీలం డబ్బాలోంచి ఒకటి తీసి అతని చెవి దగ్గర ఆడించాను. "వినపడుతోందా? లోపల ఎవరో పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అన్నాను. అతను నవ్వాడు. నవ్వి, ఇవొద్దులెండి, పాత రకమే ఇవ్వండి అన్నాడు. అక్కడ కాలింది ప్రొప్రైటరు గారికి.

నా కొడుకుని ప్రొప్రైటరు గారు అనే పిలుస్తాను. బోర్డు మీద తన పేరు కింద ఆ మాట రాయించుకున్న రోజు నుంచీ అంతే.

కొట్లో ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడు కాబట్టి ఈ నోటుబుక్కుతో మాట్లాడుతున్నాను. నా చదువు ఐదో క్లాసుతో ఆగింది. తప్పులుంటే ఉండనీ. రాసేది నేనే, చదివేదీ నేనే.

5వ తేదీ, గురువారం

నీలం డబ్బాల కంపెనీ ఏజెంటు వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వస్తుంది. నేను మేడ మెట్ల మీద ఉండగానే వాసన కొట్టింది, దిగి వచ్చి కూర్చున్నాను. కొడుకు నావైపు చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి.

ఒక తూటా తీసి సెంటు బాబు ముక్కు ముందు పెట్టాను. మూతి దగ్గర మడతలు కలవలేదు. మధ్యలో చిల్లు, ఆ చిల్లులోంచి సీసం గుళ్ళు బయటికి తొంగి చూస్తున్నాయి.

"ఇదేమిటి బాబూ, కిటికీ పెట్టించారా?"

"అంకుల్, ఇది ఫ్యాక్టరీ సరుకు. అంతా మిషనే నింపుతుంది. మనిషి చెయ్యి తగలదు."

"అదే నా బాధ. మనిషి చెయ్యి తగిలుంటే ఆ మనిషి కాస్తయినా సిగ్గుపడేవాడు."

"చవక రకం అలాగే ఉంటుంది అంకుల్. చూడ్డానికి కాదు కదా, కాల్చడానికి. ఎక్కడో ఒకటి అటూ ఇటూ అవుతుంది, అంతే."

"ఆ ఒకటీ ఏ డబ్బాలో ఉందో చెప్పు. అది నువ్వు పట్టుకెళ్ళు, మిగతావి మేం అమ్ముకుంటాం."

సెంటు బాబు నవ్వాడు. నా కొడుకు నవ్వలేదు. అతన్ని సాగనంపి వచ్చి, "నాన్నా, ఆ సెంటర్లో పెద్ద కొట్టు పెట్టినప్పటి నుంచి మన గుమ్మం ఎక్కేవాళ్ళే తగ్గిపోయారు. రైతులు చవగ్గా ఉన్నవే అడుగుతున్నారు. నేనేం చెయ్యను?" అన్నాడు.

"చవగ్గా ఉన్నవి అమ్మురా. చచ్చుగా ఉన్నవి అమ్మకు."

"నీకన్నీ ఎగతాళే" అని షట్టరు కర్ర తీసుకుని అవతలికి పోయాడు. మధ్యాహ్నం పూట షట్టరు కర్రతో ఏం పనో.

6వ తేదీ, శుక్రవారం

"మామయ్యగారూ, ఆయన్ని కొన్నాళ్ళు వదిలెయ్యండి" అంది కోడలు, నా కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేసి. లంచం. తాగాను. వదలను.

8వ తేదీ, ఆదివారం

మనవరాలితో క్లబ్బుకి వెళ్ళాను. ఊరి బయట మైదానం. మిషను మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసురుతుంది, పిల్లలు వాటిని కాలుస్తారు. మా పిల్ల తుపాకీ భుజానికెత్తిందంటే నా నోరు దానంతటదే మూతపడుతుంది. నా నోరు మూయించగలిగింది లోకంలో అదొక్కటే. ఈ సంగతి దానికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది.

మైదానంలో ఒక తెల్ల గీత ఉంది. కాల్చేవాళ్ళు దాని వెనకే నిలబడాలి. టోపీ ఎగిరి అవతల పడ్డా సరే, గీత దాటకూడదు. ఎవడైనా దాటితే విజిల్ మాస్టారు ఒక్క ఊదు ఊదుతాడు, అందరూ తుపాకులు తెరిచి కిందికి దించాలి. ఆయన బడిలో మాస్టారు కాదు, ఈ మైదానంలోనే. అక్కడ ఆయన మాటే మాట.

ఇరవై రెండున జిల్లా జట్టుకి సెలక్షను. మా పిల్ల పేరుంది. ఏడాదిగా దీనికోసమే పొద్దున్నే లేస్తోంది. సెలక్షనులో ఎవరి తూటాలు వాళ్ళు తెచ్చుకోకూడదట. ఒకరికి మంచివి, ఒకరికి చెడ్డవి కాకుండా క్లబ్బే అందరికీ ఒకే రకం ఇస్తుందట. ఈసారి సరఫరా ఎవరో తెలుసా? మన ప్రొప్రైటరు గారు. ఏ రంగు డబ్బాలో రాయను. రాస్తే చెయ్యి కడుక్కోవాలి.

10వ తేదీ, మంగళవారం

నిన్న రాయలేకపోయాను. రోజంతా ఆస్పత్రిలోనే.

బావమరిది ఎడమ చేతి బొటనవేలు పోయింది. చూపుడువేలు పోయింది. మిగతా మూడూ ఉంటాయో లేదో చూడాలన్నారు. మా ఆవిడకి తమ్ముడు. ఆవిడ పోయాక నన్ను తిరిగి తిట్టగలిగిన మనిషి వాడొక్కడే మిగిలాడు. పళ్ళతోట ఉంది, ఒంటి గొట్టం తుపాకీ ఉంది, తోటలో పడి తవ్వే పందులున్నాయి. పోయిన వారం వచ్చి, మేనల్లుడి కొట్టు కదా అని, వాడు ఏదిస్తే అది తీసుకెళ్ళాడు. నేను పైన పడుకుని ఉన్నాను. పడుకోమన్నారు కదా.

ఆస్పత్రిలో కట్ల మధ్య నుంచి నన్ను చూసి వాడే ముందు మాట్లాడాడు.

"బావా, సాయంత్రం పందులు దిగాయి. కాల్చాను. తుస్సుమంది."

"ఊఁ."

"నవ్వొచ్చింది. నువ్వుంటే ఏమనేవాడివో గుర్తొచ్చింది. నీలాగే ఉంది బావా, చప్పుడే గానీ పని లేదు అనుకుని, నవ్వుకుంటూ రెండోది వేసుకున్నాను."

ఆ తర్వాత వాడికేం గుర్తులేదు.

విజిల్ మాస్టారు కూడా ఆస్పత్రికి వచ్చాడు. ఆయనే చెప్పాడు. మందుకీ గుళ్ళకీ మధ్య ఒక ప్లాస్టిక్ డిప్ప ఉంటుంది. మందు తక్కువ పడితే ఆ డిప్ప బయటికి పోలేక గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే పోవడానికి దారి లేక గొట్టమే చీలుతుంది. తుస్సుమంటే తుపాకీ తెరిచి గొట్టంలోంచి వెలుగు కనపడుతోందా అని చూడాలట. చూడందే రెండోది వెయ్యకూడదట.

ఇన్నేళ్ళు తూటాలమ్మాను. మందు ఎక్కువ పడితేనే ప్రమాదమనుకున్నాను. తక్కువ పడితే నవ్వులాట అనుకున్నాను. ఎవరైనా కొట్టుకొచ్చి తుస్సుమందని చెబితే అందరికంటే ముందు నవ్వేది నేనే.

అది నా తప్పు కాదు. నింపినవాడి తప్పు. అమ్మినవాడి తప్పు.

11వ తేదీ, బుధవారం

నీలం డబ్బాలు ఇంకా అరలోనే ఉన్నాయి. వాటి ముందు నిలబడి అడిగాను. "మీ మామయ్య చెయ్యి చూశాక కూడానా?"

"కంపెనీ మనిషి వస్తున్నాడు. ఆయన చూసి చెప్పాక తీస్తాను."

"ఆయనేం చూస్తాడు? వేళ్ళా?"

బల్ల తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

12వ తేదీ, గురువారం

ఇవాళ నా చెవులారా విన్నాను. మెట్ల మీద కూర్చున్నాను, వాళ్ళు నన్ను చూడలేదు.

సెంటు బాబు అడిగాడు. "ఆయన గన్ మెయింటెనెన్స్ ఎలా ఉండేది సార్? గొట్టంలో మట్టి గానీ, తుప్పు గానీ? అదే కారణమైతే మీకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు."

గల్లాపెట్టె మూసిన చప్పుడైంది. తర్వాత నా కొడుకు గొంతు. "పాత గన్ను. పెద్దాయన. సరిగా తుడవడు."

అరికాలి మంట నెత్తికెక్కింది.

తుడవడట. నా బావమరిది తుడవడట. తన మొహం అద్దంలో చూసుకుంటాడో లేదో గానీ తుపాకీ గొట్టంలోకి మాత్రం రోజూ చూసుకుంటాడు. నూనె గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, రెండూ వేరే వేరే మేకులకి తగిలిస్తాడు. వాడి పెళ్ళాం ఆ గుడ్డ పొరపాటున పొయ్యి దగ్గర వాడిందని మూడు పూటలు అలిగాడు. ఇంతెందుకు, మనవరాలికి తుపాకీ తుడవడం నేర్పించిందే వాడు, ఇదే ఇంట్లో, ఇదే నా కొడుకు ముందు.

కిందికి దిగుదామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. కోపం కాళ్ళలోకి దిగితే ఇలాగే ఉంటుంది కాబోలు.

14వ తేదీ, శనివారం

ఇవాళ భోజనాల వేళ మేడ మీద వాష్ బేసిన్ కింద పైపు ఊడింది. నీళ్ళన్నీ కింద సరుకు గదిలోకి కారాయి. సరిగ్గా నీలం డబ్బాల అర మీదే. ఎలా ఊడిందో తెలీదు. పాత ఇల్లు.

కొడుకు పరుగున వచ్చేసరికి డబ్బాల అట్టలు మెత్తబడి, రంగు కారి, గది నేలంతా నీలంగా ఉంది. నేను కూడా బాధపడ్డాను. కోడలు నన్ను చాలాసేపు చూసింది.

తడిసిన సరుకు ఎవడూ అమ్మడు. కంపెనీకి తిరిగి పంపుతాడు. పీడా పోతుంది.

15వ తేదీ, ఆదివారం

ఈ నెలలో ఇవాళే హాయిగా నిద్రపోయాను.

16వ తేదీ, సోమవారం

టెర్రస్ మీదికి వెళ్ళాను. దుప్పట్లు పరిచి ఉన్నాయి. వాటి మీద తూటాలు, వరసలు వరసలుగా. కోడలు మధ్యలో గొంతుక్కూర్చుని ఒక్కో వరసా అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది.

"ఇదేంటమ్మా?"

"ఎండబెట్టమన్నారు మామయ్యగారూ."

"ఎండబెట్టి?"

"నన్నడక్కండి. తిప్పమన్నారు, తిప్పుతున్నాను."

కొడుకు పైకొచ్చాడు. "పైన ప్లాస్టిక్కే కదా, లోపలికి ఎక్కడ దిగుతాయి నీళ్ళు? ఒక డబ్బా మొత్తం కాల్చి చూశాను. అన్నీ పేలాయి" అన్నాడు. నేనేం అడక్కుండానే చెప్పాడు. అడక్కుండా చెప్పేవాడు ఎవరికి చెప్పుకుంటున్నాడో నాకు తెలుసు.

మూతి చిల్లు పెట్టుకుని పుట్టిన తూటాల్లోకి నీళ్ళు దిగవట.

పైపు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎందుకో మూసుకున్నాను. ఈ కంపు సరుకు ఇంక కొట్లో ఎవడు కొంటాడులే.

18వ తేదీ, బుధవారం

బావమరిదిని ఇంటికి పంపించారు. చూడ్డానికి వెళ్ళాను. మిగతా మూడు వేళ్ళూ ఉన్నాయి.

20వ తేదీ, శుక్రవారం

దుప్పట్లు ఉతికి ఆరేశారు. తూటాలు లేవు.

"ఏవిరా?"

"క్లబ్బుకి పంపించేశాను. కొత్త డబ్బాల్లో సర్ది. మామయ్య తుపాకీదే తప్పని కంపెనీ రాసిచ్చిన కాగితం చూసి మాస్టారు సరే అన్నారు. ఎల్లుండి సెలక్షను కదా."

నా మొహం చూసి కోడలు కుర్చీ తెచ్చింది.

"ఒరేయ్, నీ కూతురు కాల్చేది వాటితోనే."

"తెలుసు. అందుకేగా కాల్చి చూసింది. మాటిచ్చాను నాన్నా. ఇప్పుడు లేవంటే క్లబ్బు మళ్ళీ మన గుమ్మం తొక్కదు. ఆ పెద్ద కొట్టుకి పోతుంది. ఇక మూసెయ్యడమే."

అప్పుడు చెప్పాను. పైపు ఊడలేదురా, నేనే ఊడదీశాను అని. నీళ్ళు కారడమే కాదు, బకెట్టుతో కూడా పోశాను అని. చిల్లులు పైకి ఉండేలా తిప్పి మరీ పోశాను అని.

నన్ను చూశాడు. నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు చూశాడు. "నువ్వు ఏం చేసైనా ఆ సరుకు అమ్మనివ్వవు. నాకు తెలుసు" అన్నాడు. "కారినా పోసినా నీళ్ళు నీళ్ళే. నేను పరీక్ష చేశాను."

ఇన్నేళ్ళు వీడికి అబద్ధాలు చెప్పి నవ్వించాను. నిజం చెబితే పరీక్ష చేశానంటాడు.

21వ తేదీ, శనివారం

మనవరాలికి చెప్పాను. తుపాకీకి నూనె పెడుతోంది. చేతులు ఆపలేదు.

"తాతా, నీకూ నాన్నకీ గొడవుంటే మీరిద్దరూ చూసుకోండి. నా సెలక్షను మీద పడకండి."

"నీ చెయ్యి పోతుందే పిచ్చిమొహమా."

"ఆస్పత్రి గోల చూశాక నేనూ నాన్ననడిగాను. ఒక డబ్బా కాల్చానన్నాడు. నా చేతికి తగిలేది నాన్న నాకిస్తాడా తాతా?"

ఏం చెప్పను? ఇస్తాడని చెప్పనా? దాని తండ్రి గురించి దానికి చెప్పనా?

"తుస్సుమంటే ఆపి తెరిచి చూడు. అంతే అడుగుతున్నాను" అన్నాను.

"చెవులకి కప్పులు పెట్టుకుంటాం తాతా. పక్కన నలుగురు కాలుస్తుంటే మనది తుస్సో ఢమ్మో ఎవడికి వినపడుతుంది?"

22వ తేదీ, ఆదివారం

మొత్తం రాస్తాను. వేళ్ళు నొప్పెట్టినా రాస్తాను.

ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి క్లబ్బుకి పోయాను. నేను చేరేసరికి మొదటి వరస పిల్లలు గీత దగ్గర సర్దుకుంటున్నారు. మా పిల్ల మూడోది. నీలం డబ్బాలు ప్రతి పిల్ల పక్కనా స్టూలు మీద పెట్టి ఉన్నాయి, ప్రసాదం పంచినట్టు.

విజిల్ మాస్టారి చెయ్యి పట్టుకున్నాను. "ఆపించండి. ఆ తూటాలు తడిసినవి. నేనే నీళ్ళు పోశాను."

ఆయన నవ్వాడు. పోయినేడు ఆయన విజిల్లో మైనం కూరింది నేనే. ఊదీ ఊదీ మొహం కందిపోయింది, క్లబ్బంతా పడీపడీ నవ్వింది. "ఈసారి నన్ను పట్టలేరు పెద్దాయనా. విజిలు పొద్దున్నే చూసుకున్నాను" అన్నాడు.

"తమాషా కాదండీ. దండం పెడతాను."

దండం పెట్టాను కూడా. అది చూసి వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు ఇంకా నవ్వారు. అబ్బ, ఎంత బాగా నటిస్తున్నాడో అని ఒకావిడ పక్కావిడతో అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికీ నవ్వారు. నేను ఎంత నిజంగా మాట్లాడితే వాళ్ళకి అంత వినోదంగా ఉంది. ఈ జనాన్ని ఇలా తయారు చేసింది ఎవరో నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో ఒక్కొక్కర్నీ పట్టుకుని చెంప పగలగొట్టాలనిపించింది.

నా కొడుకు అక్కడే ఉన్నాడు. కుర్చీల పక్కన, చేతులు కట్టుకుని.

"అదిగో ప్రొప్రైటరు. ఆయన్ని అడగండి. టెర్రస్ మీద ఎండబెట్టింది ఆయనే" అన్నాను.

అందరూ వాడివైపు తిరిగారు. విజిల్ మాస్టారు కూడా నవ్వు కొంచెం తగ్గించి చూశాడు. "ఏమండీ?"

నా కొడుకు నన్ను చూడలేదు. "నాన్న సంగతి మీకు తెలిసిందే కదండీ" అన్నాడు.

అంతే అన్నాడు. అబద్ధం కూడా కాదది. అందుకే ఒళ్ళు మండింది.

ఇద్దరు కుర్రాళ్ళు నన్ను మర్యాదగా పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. మొదటి పిల్ల కాల్చింది, బిళ్ళ పగిలింది. రెండో పిల్ల కాల్చింది, పగిలింది. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకోవాలనుంది. మా పిల్ల డబ్బాలోంచి రెండు తీసింది. వేసింది. మూసింది. ఆ చప్పుడు నాకు తెలుసు, తాళం పడినట్టుంటుంది. జడ వెనక్కి వేసుకుని చెవులకి కప్పులు పెట్టుకుంది. ఇక లోకంలో ఎవడు ఏం అరిచినా దానికి వినపడదు.

అప్పుడు నా కొడుకు నడిచాడు.

పరిగెత్తలేదు. బస్సు దిగి ఇంటికి పోతున్నవాడిలా నడిచాడు. తెల్ల గీత దగ్గర ఆగలేదు. దాటాడు. ఇంకా నాలుగడుగులు ముందుకి పోయి, కాల్చే పిల్లలకి వీపు పెట్టి మైదానం మధ్యలో నిలబడ్డాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా కుడి, ఎడమ, మళ్ళీ కుడి చూసే మనిషి.

విజిలు మోగింది. అంత పొడుగున మోగడం నేనెప్పుడూ వినలేదు. పిల్లలందరూ తుపాకులు తెరిచి దించారు. మా పిల్ల కప్పులు లాగి పడేసింది.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?"

విజిల్ మాస్టారు రంకెలు వేశాడు. "బుద్ధుందా మీకు? బయటికి రండి. ఎక్కడ నిలబడ్డారో తెలుస్తోందా?"

నా కొడుకు వెనక్కి తిరిగాడు.

"తడిసినవే. నేనే ఎండబెట్టాను. ఒక్కటి కూడా కాల్చొద్దు."

తర్వాత బల్ల మీద కొన్నింటిని కత్తితో కోసి చూశారు. కొన్నిట్లో మందు బాగానే ఉంది. కొన్నిట్లో తడి పిండిలా ముద్దకట్టింది. మా పిల్ల స్టూలు మీద డబ్బాలో ఆ ముద్దవి ఎన్నున్నాయో చూడ్డానికి నేను పోలేదు.

సెలక్షను ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు. కారులో ఇంటికొచ్చాం, కోడలితో కలిపి నలుగురం. మనవరాలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చింది, చప్పుడు లేకుండా. ఇంటికొచ్చి గది తలుపేసుకుంది. తన తండ్రికీ తెరవలేదు, నాకూ తెరవలేదు.

23వ తేదీ, సోమవారం

పొద్దున్నే అడిగేశాను. పళ్ళు తోముకుంటున్నాడు.

"నిన్న గీత దగ్గర నీ కూతురు కాక వేరే ఎవరి పిల్లో ఉంటే నడిచేవాడివా?"

ఉమ్మేశాడు. నోరు కడుక్కున్నాడు. మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు నీళ్ళు పోసినప్పుడు, ఎవరి పిల్ల చేతికొస్తాయో అనుకున్నావా నాన్నా?"

వాడి తువ్వాలు తీసి మేకుకి తగిలించి వచ్చేశాను.

నేను పోసింది అమ్మకుండా చెయ్యడానికి. అది వేరు. కంపెనీకి పంపుతాడనుకున్నాను. ఎవడైనా అలాగే అనుకుంటాడు. అది వేరు. వాడు చేసిందీ నేను చేసిందీ ఒకటి కాదు.

అది వేరు.

24వ తేదీ, మంగళవారం

లైసెన్సు ఆఫీసువాళ్ళు వచ్చి కొట్టుకి సీలు వేశారు. పిలిచింది ఎవరో కనుక్కుంటే, ప్రొప్రైటరు గారే ఫోను చేశాడట.

సీలు వేశాక స్కూటరు తీసి, "అమ్మినవాళ్ళందరి దగ్గరికీ పోవాలి. నీకు ఇళ్ళు తెలుసు, వస్తావా?" అన్నాడు. వెళ్ళాను. ఇంటింటికీ పోయి నీలం డబ్బాలు వెనక్కి అడిగాం. ప్రతి గుమ్మంలో నన్ను చూసి ముందే నవ్వడం మొదలుపెట్టారు, ఇవాళ ఏం తమాషా తెచ్చాడో అని. ఒకాయనైతే డబ్బా దాచి, దొరికితే తీసుకోండి అని నన్ను ఇల్లంతా తిప్పాడు. నేను చేసినట్టే చేశాడు. ఆయన పీక నొక్కెయ్యాలనిపించింది.

డబ్బా ఇచ్చాడు చివరికి. నేను నవ్వకపోయేసరికి భయపడ్డాడు.

25వ తేదీ, బుధవారం

ఒక్క ఇల్లు మిగిలింది. బావమరిది ఇల్లు.

వరండాలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి కట్టుతో ఒళ్ళో. పక్కన గుడ్డ మీద తుపాకీ, గొట్టం అరటి తొక్కలా విచ్చుకుని. దాని పక్కన సగం వాడిన నీలం డబ్బా. నేను పోయి బల్ల మీద కూర్చున్నాను. నా కొడుకు మెట్టు కిందే నిలబడ్డాడు.

"మామయ్యా, ఆ డబ్బా ఇవ్వు. అందరి దగ్గరా వెనక్కి తీసుకుంటున్నాం."

"సెంటు పూసుకుని ఒకతను వచ్చాడురా మొన్న" అన్నాడు బావమరిది. "గొట్టంలో తుప్పుందట. అందుకే పేలిందట. ఎవరు చెప్పారు బాబూ అంటే, మీ మేనల్లుడే చెప్పాడండి, మీరు తుపాకీ తుడవరట అన్నాడు."

నేను చెప్పలేదు వాడికి ఆ సంగతి. చెప్పే ధైర్యం లేక చెప్పలేదు.

"అన్నావా?"

"అన్నాను మామయ్యా."

"నేను తుడుస్తానురా."

"తెలుసు."

బావమరిది నావైపు తిరిగాడు. "విన్నావా బావా. తెలుసట."

తెలియక అన్నాడేమో, భయంలో నోరు జారాడేమో అని నేను ఎక్కడో ఒక మూల పెట్టుకుని ఉన్నాను ఇన్నాళ్ళూ. ఆ మూల కూడా పోయింది. తెలుసట. తెలిసే అన్నాడట. లేచి వాడి చొక్కా పట్టుకుందామనుకున్నాను. అంతలో బావమరిదే లేచాడు.

"ఈ డబ్బా నీకివ్వను. లైసెన్సు ఆఫీసులో ఇస్తాను. నువ్వు ఇప్పుడు నాతో చెప్పింది అక్కడ చెప్పు. వాళ్ళ ముందు."

"రేపు పొద్దున్నే వెళ్దాం మామయ్యా."

"రేపెందుకు? చొక్కా వేసుకొస్తాను, ఉండు."

లోపలికి పోయాడు. ఎంతకీ రాడు. వాళ్ళావిడ బయటికెళ్ళింది. నా కొడుకు మెట్టెక్కి లోపలికి చూశాడు. నేనూ చూశాను. బావమరిది అద్దం ముందు నిలబడి ఒక్క చేత్తో గుండీ పెట్టుకోలేక, గడ్డంతో కాలరు నొక్కిపట్టి అవస్థ పడుతున్నాడు. నా కొడుకు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. కింది గుండీ నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పై గుండీ దాకా వచ్చేసరికి బావమరిది గడ్డం పైకెత్తాడు, చిన్నపిల్లలు ఎత్తినట్టు. కళ్ళు మాత్రం గోడ మీదే. ఒక్క మెత్తని మాట అనలేదు. అననక్కర్లేదు కూడా.

ఆఫీసులో ఒక చిన్న గది. ఆఫీసరు రాసుకుంటున్నాడు, నా అంత నెమ్మదిగా రాస్తాడు. నా కొడుకు నిలబడే చెప్పాడు.

"మా మామయ్య తుపాకీ శుభ్రంగా ఉంది. ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. తుడవడని కంపెనీ మనిషికి నేను చెప్పింది అబద్ధం. తెలిసే చెప్పాను."

ఆఫీసరు పెన్ను ఆపి, మళ్ళీ చెప్పండి, రాసుకోవాలి అన్నాడు. మళ్ళీ చెప్పాడు, అదే గొంతుతో.

నన్ను కూడా నీళ్ళ గురించి అడిగారు. చెప్పాల్సింది చెప్పాను. అది కూడా రాసుకున్నారు.

సంతకాలయ్యాయి. ఆఫీసరు కాగితాలు సర్దుతున్నాడు. బావమరిది మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నీలం డబ్బా కట్టు కట్టిన చేతి కింద అదిమిపెట్టి నావైపు వంగాడు.

"బావా, ఆ పేలుడుకి చెవులు కూడా సరిగా పనిచెయ్యట్లేదు. వీడేమన్నాడో నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పమను."

వాడి చెవులకి ఏమీ కాలేదు. నాకు తెలుసు, నా కొడుక్కీ తెలుసు.

నేను కొడుకు వైపు చూశాను. "చెప్పరా" అన్నాను.

మూడోసారీ చెప్పాడు.